మోల్డింగ్ పోసిన రోజు నుంచి గృహప్రవేశం దాకా: ఏ పని ముందు, ఏది వెనక

ఉన్న మిద్దె మీద ఇంకో అంతస్తు లేపేటప్పుడు "ఎన్నాళ్లు పడుతుంది?" అని అడిగితే మేస్త్రి "మూడు నెలలు సార్" అంటాడు. అనుభవంతో చెప్పిన మాటే, చాలాసార్లు దగ్గరగానే ఉంటుంది కూడా. కానీ అందులో ఏ పని ఒక్కరోజు ఆలస్యమైనా గృహప్రవేశ ముహూర్తం వెనక్కి జరుగుతుందో, ఏ పని రెండు వారాలు ఆగినా ఏమీ కాదో ఆ మాటలో ఉండదు. అది తెలియాలంటే ఒక పట్టిక, ఏ పని దేని తర్వాతో బాణాలతో చూపే ఒక నెట్‌వర్క్ బొమ్మ కావాలి. నోటుపుస్తకం, చార్టు షీటు, పెన్సిలు, రబ్బరు ఉంటే చాలు. ఒక సాయంత్రం పని.

పద్ధతి పాతదే. 1957 ప్రాంతంలో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ కర్మాగారాల పనుల కోసం క్రిటికల్ పాత్ పద్ధతి తయారైంది. 1958లో ఆ దేశపు నౌకాదళం పొలారిస్ క్షిపణి కోసం పెర్ట్ అనే పద్ధతి తెచ్చింది. క్షిపణికి పనికొచ్చింది కదా అని భయపడకండి, ఇందులో కూడికలు, తీసివేతలు తప్ప లెక్కలేమీ లేవు.

ఉదాహరణకు తిరుపతిలో ఒక ఇంటి మీద వెయ్యి చదరపు అడుగుల మొదటి అంతస్తు అనుకుందాం. పిల్లర్లు, బీములు, స్లాబు అయిపోయాయి. గోడలు ఇంకా లేవలేదు. మోల్డింగ్ (స్లాబు కాంక్రీటు) పోసిన మర్నాడు, ఫిబ్రవరి 1, మన లెక్కలో మొదటి రోజు. బేల్దారి (తాపీ మేస్త్రి) జట్టు ఒక్కటే.

మొదట పనులు విడగొట్టండి

ఎంత చిన్నగా విడగొట్టాలన్నదే అందరికీ వచ్చే అనుమానం. మనిషి మారితే పట్టికలో వరుస మారాలి. బేల్దారి చేతిలోంచి పని ఎలక్ట్రీషియన్ చేతికి పోతే అది కొత్త వరుస. "ఇంటి లోపలి పని" అని ఒకే వరుస రాస్తే అందులో ఎవరు ఎవరి కోసం ఆగుతున్నారో కనబడదు. "సిమెంటు మూటలు దించడం" దాకా పోతే పట్టిక నలభై వరుసలై, రెండో వారానికి దాన్ని చూసేవాళ్లుండరు. ఈ సైజు పనికి పన్నెండు నుంచి ఇరవై వరుసలు సరిపోతాయి.

రెండు రకాల పనులు ఎప్పుడూ జారిపోతుంటాయి. ఒకటి, ఎవరూ ఏమీ చేయకుండా ఆగాల్సిన రోజులు: స్లాబుకు నీళ్లు పట్టడం, పూత (ప్లాస్టరింగ్) ఆరడం, బాత్రూములో నీళ్లు నిలబెట్టి చూడడం. కూలి లేదు కదా అని వాటిని రాయరు. రోజులు మాత్రం అవే తినేస్తాయి. రెండోది, సైటు బయట జరిగే పని. ద్వారబంధాలు వడ్రంగి దుకాణంలో తయారవుతుంటాయి, మీ కంటికి కనబడవు. మన ఉదాహరణలో కొంప ముంచేది అదే, కాసేపట్లో చూద్దాం.

ఒక్కో పనికి ఒకే ప్రశ్న

"దీని తర్వాత ఏం చేస్తాం?" అని అడిగితే అలవాటుగా చేసే వరుస వస్తుంది, నిజమైన ఆధారం రాదు. ప్రతి పని దగ్గరా "ఇది మొదలు కావాలంటే ఖచ్చితంగా ఏది పూర్తయి ఉండాలి?" అని అడగండి. వెంటనే ముందున్న పనిని మాత్రమే రాయండి. లోపలి పూతకు ముందు కరెంటు పైపులు, నీళ్ల పైపులు కావాలి. గోడలు కూడా కావాలి నిజమే, కానీ పైపుల వరుసలో గోడలు ఎలాగూ ఉన్నాయి. మళ్లీ రాస్తే బొమ్మ గీతలతో గజిబిజి అవుతుంది.

| గుర్తు | పని | రోజులు | ముందు కావాల్సినవి |
|---|---|---|---|
| క | స్లాబుకు నీళ్లు, సెంట్రింగ్ విప్పడం | 14 | – |
| ఖ | ద్వారబంధాలు, కిటికీ ఫ్రేములు చేయించడం | 20 | – |
| గ | గోడల కట్టుబడి, లింటెల్‌తో సహా | 18 | క, ఖ |
| ఘ | గాడి కొట్టి కరెంటు పైపులు, బాక్సులు | 5 | గ |
| చ | గోడల్లో నీళ్ల పైపులు, డ్రైనేజీ పైపులు | 6 | గ |
| ఛ | లోపలి పూత | 14 | ఘ, చ |
| జ | బయటి పూత (12), నీళ్లు పట్టి ఆరబెట్టడం (14) | 26 | గ |
| ఝ | బాత్రూము వాటర్‌ప్రూఫింగ్, నీటి పరీక్ష | 5 | చ |
| ట | టైల్స్ | 12 | ఛ, ఝ |
| ఠ | లోపలి పూతకు నీళ్లు, ఆరడం | 18 | ఛ |
| డ | వైర్లు లాగడం | 4 | ఛ |
| ఢ | పుట్టీ, ప్రైమర్, మొదటి కోటు | 10 | ఠ, డ |
| త | బయటి రంగు | 6 | జ |
| ద | చివరి కోటు, తలుపులు, స్విచ్చులు, కొళాయిలు | 7 | ట, ఢ |

ఈ రోజులు మీ ఇంటికి సరిపోవు. మీ మేస్త్రిని అడిగి వేసుకోండి. ఒక్కటి మాత్రం ఆయన నోటి మాట మీద వదలకండి: సెంట్రింగ్ విప్పే గడువు. కాంక్రీటు పనులకు భారతీయ ప్రమాణమైన ఐఎస్ 456:2000 ప్రకారం మామూలు పోర్ట్‌ల్యాండ్ సిమెంటు వాడితే, 4.5 మీటర్ల లోపు నిడివి (ఆధారాల మధ్య దూరం) ఉన్న స్లాబు కింద ముట్లు (ఆసరా కర్రలు) 7 రోజులు ఉండాలి, అంతకు మించితే 14 రోజులు. బీముల కింద 6 మీటర్ల దాకా 14, ఆపైన 21. నీళ్లు పట్టడం కనీసం 7 రోజులు. పీపీసీ లాంటి మిశ్రమ సిమెంటుకైనా, ఎండలు మండే కాలంలోనైనా కనీసం 10. మన ఉదాహరణలో బీములున్నాయి కాబట్టి 14 వేశాం. ముహూర్తం దగ్గరపడిందని కోయకూడని సంఖ్య ఇదే.

ఇంకో చిక్కు ఆదివారాలది. కాంక్రీటుకు ఆదివారం లేదు, బేల్దారికి ఉంది. కొన్ని వరుసల్లో పని రోజులు, కొన్నిట్లో క్యాలెండరు రోజులు వేస్తే మొత్తం లెక్క తప్పుతుంది. ఇక్కడ అన్నీ క్యాలెండరు రోజులే. గోడలకు 18 అంటే అందులో సెలవు దినాలు కలిసే ఉన్నాయి.

ఎంతకాలం పడుతుందో నమ్మకం లేని పనికి పెర్ట్ సూత్రం వాడుకోవచ్చు: అన్నీ కలిసొస్తే ఎన్ని రోజులు, మామూలుగా ఎన్ని, అన్నీ అడ్డం తిరిగితే ఎన్ని. మధ్యదాన్ని నాలుగుతో గుణించి, మిగతా రెండూ కలిపి, ఆరుతో భాగించాలి. వడ్రంగి పని 15, 20, 37 అనుకుంటే 15+80+37 = 132, భాగిస్తే 22. అన్ని వరుసలకూ ఇలా చేయడం దండగ. సందేహం ఉన్న ఒకటి రెండింటికి చేస్తే చాలు. కింద లెక్క సులువుగా ఉండడానికి 20 గానే ఉంచాను.

బొమ్మ

కాలేజీలో చెప్పిన గుండ్రాలు, బాణాల పద్ధతిలో బాణమే పని. ఆ పద్ధతిలో మన పట్టిక గీస్తే చిక్కు వస్తుంది: ఛకు ఘ, చ రెండూ కావాలి, ఝకు చ ఒక్కటే చాలు. దాన్ని చూపడానికి చుక్కల బాణంతో డమ్మీ పని (రోజులు పట్టని ఉత్తుత్తి పని) పెట్టాలి. ఇంటి పనికి అంత అవసరం లేదు. ప్రతి పనికీ ఒక పెట్టె గీసి, ముందు పని నుంచి వెనక పనికి బాణం వేయండి. చార్టు అడ్డంగా పెట్టుకుని ఎడమ నుంచి కుడికి నడపండి. నేరుగా గీయకుండా, చిన్న చీటీల మీద పనులు రాసి జరుపుకుంటూ సర్దితే గీతలు ఒకదాన్నొకటి కోసుకోవు.

మొదలు → క, ఖ
క, ఖ → గ
గ → ఘ, చ, జ
ఘ, చ → ఛ
చ → ఝ
ఛ → ట, ఠ, డ
ఝ → ట
ఠ, డ → ఢ
ట, ఢ → ద → ముగింపు
జ → త → ముగింపు

గీసిన తర్వాత రెండు తప్పులు వెతకండి. బాణం బయటికి పోని పెట్టె ఏదైనా ఉందా? ఉంటే అది గాల్లో వేలాడుతోంది. బయటి రంగు తర్వాత ఏమీ లేదని వదిలేస్తే వెనక లెక్కలో దానికి గడువే ఉండదు, ముగింపుకు కలపాలి. రెండో తప్పు: బాణాల వెంట పోతే తిరిగి మొదలుపెట్టిన పెట్టె దగ్గరికే వస్తున్నారా? అలాగైతే ఎక్కడో ఒక పనిని రెండు ముక్కలు చేయాలి. "టైల్స్ అయితేగానీ రంగు వద్దు, రంగు అయితేగానీ టైల్స్ వద్దు" అన్న వాదన ఇలాంటిదే. రంగును మొదటి కోటు, చివరి కోటు అని విడగొట్టగానే ముడి విడిపోయింది, పట్టికలో ఢ, ద వేరుగా ఉన్నది అందుకే.

ముందుకు కూడండి, వెనక్కి తీసేయండి

ముందు పని లేనివి 0 దగ్గర మొదలవుతాయి. మొదలుకు రోజులు కూడితే పూర్తి. ఒక పెట్టెలోకి రెండు బాణాలు వస్తే పెద్ద సంఖ్య తీసుకోవాలి. క 14కు, ఖ 20కి పూర్తవుతాయి. గోడలకు రెండూ కావాలి కాబట్టి గ మొదలయ్యేది 20 దగ్గర, పూర్తయ్యేది 38 దగ్గర. ఇలా చివరిదాకా పోతే ద 93 దగ్గర పూర్తి.

ఇప్పుడు 93 నుంచి వెనక్కి రండి. పూర్తి గడువులోంచి రోజులు తీసేస్తే మొదలు గడువు. ఒక పెట్టెలోంచి రెండు బాణాలు బయటికి పోతే ఈసారి చిన్న సంఖ్య తీసుకోవాలి. ముందుకు పోతే పెద్దది, వెనక్కి వస్తే చిన్నది. ఎక్కువమంది పొరపడేది ఇక్కడే. ఛ చూడండి: దాని తర్వాత ట 74 దాకా, డ 72 దాకా ఆగగలవు, ఠ మాత్రం 58కే మొదలవ్వాలి. కాబట్టి ఛ గడువు 58.

మొదలు గడువులోంచి తొందర మొదలు (ముందుకు కూడినప్పుడు వచ్చిన మొదలు) తీసేస్తే మిగిలేది వెసులుబాటు. ఇంజినీర్లు ఫ్లోట్ అంటారు.

| గుర్తు | తొందర మొదలు | తొందర పూర్తి | మొదలు గడువు | పూర్తి గడువు | వెసులుబాటు |
|---|---|---|---|---|---|
| క | 0 | 14 | 6 | 20 | 6 |
| ఖ | 0 | 20 | 0 | 20 | 0 |
| గ | 20 | 38 | 20 | 38 | 0 |
| ఘ | 38 | 43 | 39 | 44 | 1 |
| చ | 38 | 44 | 38 | 44 | 0 |
| ఛ | 44 | 58 | 44 | 58 | 0 |
| జ | 38 | 64 | 61 | 87 | 23 |
| ఝ | 44 | 49 | 69 | 74 | 25 |
| ట | 58 | 70 | 74 | 86 | 16 |
| ఠ | 58 | 76 | 58 | 76 | 0 |
| డ | 58 | 62 | 72 | 76 | 14 |
| ఢ | 76 | 86 | 76 | 86 | 0 |
| త | 64 | 70 | 87 | 93 | 23 |
| ద | 86 | 93 | 86 | 93 | 0 |

సున్నా ఉన్న పెట్టెలను ఎర్ర స్కెచ్‌తో కలపండి: ఖ–గ–చ–ఛ–ఠ–ఢ–ద. రోజులు కూడితే 20+18+6+14+18+10+7 = 93. ఇదే క్రిటికల్ పాత్, ఇందులో ఏ పని ఆలస్యమైనా ముగింపు ఆలస్యమవుతుంది. కూడిక సరిపోకపోతే ఎక్కడో పెద్దదీ చిన్నదీ తారుమారయ్యాయి.

తేదీలు వేసేటప్పుడు ఒక్కరోజు తేడా రాకుండా చూసుకోండి. మొదలు 20 అంటే ఇరవై రోజులు నిండాక, అంటే 21వ రోజు పొద్దున. ఫిబ్రవరి 1 మొదటి రోజైతే గోడలు మొదలయ్యేది ఫిబ్రవరి 21న. పూర్తి 93 అంటే 93వ రోజు సాయంత్రం, ఫిబ్రవరికి 28 రోజులైతే మే 4.

పట్టికలో ఏం కనబడుతోంది

అందరి కళ్లూ స్లాబు మీద, సెంట్రింగ్ మీద ఉంటాయి. దానికి ఆరు రోజుల వెసులుబాటు ఉంది. అసలు అడ్డు వడ్రంగి దగ్గర పడింది. గోడ మొదటి వరుసకే ద్వారబంధం నిలబెట్టాలి, అది రాకపోతే ముట్లు తీసేసిన మిద్దె కింద బేల్దారి ఖాళీగా కూర్చుంటాడు. మోల్డింగ్ అయ్యాక చెక్క కొందాంలే అనుకోవడమే ఇక్కడ నష్టం.

మరి పది రోజులు ముందే, సెంట్రింగ్ కడుతున్నప్పుడే ఆర్డరిస్తే పది రోజులు మిగులుతాయా? మిగలవు. ఖ 10కి పూర్తయినా క 14 దాకా ఆగాలి. గోడలు 14 దగ్గర మొదలై మొత్తం 87 అవుతుంది. మిగిలింది ఆరే. ఒక దారి కురచ చేస్తే పక్క దారి క్రిటికల్ అవుతుంది, అందుకే ప్రతి మార్పు తర్వాత మళ్లీ లెక్కవేయాలి.

ఎలక్ట్రీషియన్‌కు ఉన్నది ఒక్కరోజు. మూడు రోజులు ఆలస్యంగా వస్తే పైపులు 46కు అవుతాయి, పూత 44కు బదులు 46కు మొదలవుతుంది, ముగింపు రెండు రోజులు వెనక్కి జరుగుతుంది. ఒకటి రెండు రోజుల వెసులుబాటున్న పనిని కూడా ఎరుపులోనే చూసుకోండి.

వాటర్‌ప్రూఫింగ్‌కు 25 రోజులున్నాయి కదా అని ధీమా పడకండి. అందులో దాని సొంతం 9 మాత్రమే: అది 49కి అవుతుంది, టైల్స్ 58కి మొదలవుతాయి. మిగతా 16 టైల్స్‌వాడితో ఉమ్మడి. ఝ వాటిని వాడేసుకుంటే టైల్స్‌కు సున్నా మిగులుతుంది. ఇద్దరికీ విడివిడిగా "నీకింకా టైముంది" అని చెప్పారంటే ఒకే డబ్బు ఇద్దరికి ఇస్తామన్నట్టే.

బొమ్మలో కనబడనిది: జట్టు ఒక్కటే

బాణాల ప్రకారం బయటి పూత 38 దగ్గర, లోపలి పూత 44 దగ్గర మొదలవుతాయి. కాగితం మీద అడ్డేమీ లేదు. కానీ పూసేది అదే జట్టు. బయట సారువ (పరంజా) కట్టుకున్నాం, పూర్తిచేసే లోపలికి వస్తాం అంటాడు మేస్త్రి. ఆయన వైపు నుంచి అది న్యాయమే, సారువ విప్పి మళ్లీ కట్టడం ఎవరికైనా విసుగే. అలా చేస్తే బయట 50 దాకా, లోపల 50 నుంచి 64 దాకా. మొత్తం ఆరు రోజులు వెనక్కి జరిగి 99 అవుతుంది.

ఇంకో దారి: 38 నుంచి 44 దాకా ఆరు రోజులు బయట పూసి, పైపులు కాగానే లోపలికి వచ్చేయడం. 58 దగ్గర లోపల అయ్యాక మళ్లీ బయటికి పోయి మిగతా ఆరు రోజులు పూయడం. బయటి పూత 64కు, ఆరడం 78కి, రంగు 84కు అవుతాయి. 93 కదలదు. బయటి పనికున్న 23లో 14 ఖర్చయి 9 మిగులుతాయి. సారువ మరో పద్నాలుగు రోజులు ఉంచినందుకు అద్దె పెరుగుతుంది, ఆ డబ్బు ఆరు రోజులకు తగునా అని మీరే చూసుకోవాలి. పని ఆపిన చోట గోడ మధ్యలో అతుకు కనబడకుండా మూల దగ్గరో, పిల్లరు దగ్గరో ఆపమనండి.

పట్టికలో ఇంకో గడి చేర్చి, ఏ జట్టో రాసుకుంటే ఇలాంటివి ముందే బయటపడతాయి. ఒకే జట్టు పేరున్న రెండు పనుల తేదీలు కలిశాయంటే తక్కువ వెసులుబాటున్నదానికే మొదటి హక్కు.

గడువు తగ్గించాలంటే

ఎర్ర గీత మీది పనిని తగ్గిస్తేనే ముగింపు ముందుకొస్తుంది. టైల్స్‌కు ఇద్దరు అదనంగా పెట్టినా ఒక్కరోజు కలిసిరాదు, వాటికి ఇప్పటికే 16 రోజులు ఖాళీ. మన పట్టికలో రోజుల్ని బాగా మేసేవాటిలో ఒకటి ఠ, పూత ఆరే 18 రోజులు. లోపల సిమెంటు పూత బదులు జిప్సం పూస్తే నీళ్లు పట్టే పని ఉండదు. ఆరడానికి వారం వేసుకుంటే మొత్తం 82కు దిగుతుంది, టైల్స్ వెసులుబాటు 16 నుంచి 5కు పడిపోతుంది. జిప్సం తడి గోడలకు పనికిరాదు, బాత్రూములకు సిమెంటు పూతే. తొందరపడి తడి గోడ మీద పుట్టీ పెడితే మాత్రం ఆ తర్వాత పొట్టు లేచి, రంగు రెండుసార్లు కొనాలి.

ఊరి క్యాలెండరు మీద పెట్టి చూడండి

93 రోజులను గోడ క్యాలెండరు మీద పరిచాక మన తిరుపతి అడ్డంకులు కనిపిస్తాయి. మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర వారంలో కూలీలు దొరకడం కష్టం. మే 4కు అయ్యే పని ఆరు రోజులు వెనక్కి జరిగితే మే 10, చాలా ఏళ్లలో సరిగ్గా జాతర వేళకు పడుతుంది. చివరి కోటు వేసేవాళ్లు లేక ఆ ఆరు కాస్తా పన్నెండవుతుంది. ఉగాదికి రెండు రోజులు రారంటే ఆ వరుసలో రెండు కలపండి. తిరుమల గరుడసేవ నాటికి ఇసుక లోడో, టైల్స్ లోడో చెప్పుకోకండి. మోల్డింగ్ శ్రావణంలో పోస్తే బయటి పూత, బయటి రంగు అక్టోబరు, నవంబరు వానల్లో పడతాయి. 2021 నవంబరు వానలు చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. అప్పుడు జ, త రోజులు పెంచండి, 23 రోజుల వెసులుబాటు ఉన్నట్టు నటించకండి.

ముహూర్తం ముందే పెట్టించుకుంటే లెక్క వెనక నుంచి. ముగింపు గడువుగా ముహూర్తానికి మూడు రోజుల ముందు తేదీ వేసి వెనక్కి తీసేస్తూ రండి. మొదటి పెట్టెలో సున్నా కంటే తక్కువ వస్తే, అన్ని రోజులు ఇప్పటికే వెనకబడ్డారని అర్థం. ఆషాఢానికి ముందు ముహూర్తం దొరకలేదని కంగారుపడేకన్నా ఆ సంఖ్యను మోల్డింగ్ పోయకముందే చూడడం మేలు.

ఎక్సెల్‌లో చేసేవాళ్లు తొందర మొదలుకు మ్యాక్స్, పూర్తి గడువుకు మిన్ ఫార్ములా పెట్టుకుంటే ఒక గడి మార్చగానే అన్నీ మారతాయి. సైటులో మాత్రం చార్టు కాగితమే మేలు, మేస్త్రి వేలు పెట్టి చూపించగలడు.

వారానికోసారి, ఆదివారం సాయంత్రం, పట్టిక దిద్దండి. "ఎంతవరకు అయింది?" అని అడిగితే "సగం అయింది సార్" అంటారు, దాంతో ఏ లెక్కా వేయలేం. "ఇంకా ఎన్ని రోజులు కావాలి?" అని అడగండి. 30వ రోజు సాయంత్రం గోడలకు ఇంకా 11 రోజులు కావాలన్నాడనుకోండి: పూర్తి 41, మన పట్టికలో 38. మూడు రోజులు వెనకబడ్డారు. గోడల తర్వాత వచ్చే పనులన్నిటికీ మూడు కలిపి తేదీలు కొట్టేసి పక్కన కొత్తవి రాయండి. ఆ రాత్రే ప్లంబర్‌కు, ఎలక్ట్రీషియన్‌కు ఫోన్ చేసి మారిన తేదీ చెప్పండి. చెప్పకపోతే వాళ్లు పాత తేదీకే వచ్చి, పని లేదని ఇంకో సైటు ఒప్పుకుని పోతారు.